స్త్రీల వోటుహక్కు: మార్గరెట్ కజిన్సుగారి సేవ

"స్త్రీలు మొదట చదువుకొనవలయును, పిమ్మట రాజ్యాంగ విషయములలో వారికి పాలు దొరకును" అని పెద్ద లనేకులు చెప్పుచు వచ్చిరి. ఈ మాట పైకి న్యాయముగనే తోఁచును. అయినను మార్గరెట్ కజిన్సుగారి చరిత్రమును విమర్శించి చూచినయెడల దానిలోని లోపము బోధపడఁగలదు.

ఈమె 1878వ సంవత్సరమున ఐర్లండునందలి బాయిల్ పట్టణమున జనించెను. 1908లో హాన్నా షీహీ స్కెఫింగ్టన్ మొదలగువారితోఁ గూడి ఐర్లండు స్త్రీల వోటుహక్కు సంఘమును స్థాపించెను. ఆ హక్కుకొఱకు 1910లో లండనునందలి హాలోవే కారాగారమునను, 1913లో ఐర్లండునందలి టల్లమోర్ కారాగారమునను శిక్ష ననుభవించెను. 1915లో భర్తతో హిందూదేశమునకు వచ్చి, మదనపల్లెలో నివసించుచు, అచ్చటి స్త్రీలను సమకూర్చి సభలు జరుపుచుండెను. 1917లో అడయారునందు అనిబిసెంటుగారు అధ్యక్షురాలుగా భారత మహిళాసంఘ మేర్పడుటకు ఈమె ముఖ్యకారకురాలు. ఐర్లండుస్త్రీలకు 1918లో వోటుహక్కు తొలుత లభించునాఁటికి, దానికై చెఱసాల కేఁగిన ఈమె మన దేశముననే పాటుపడుచుండెను.

1917లో ఇండియామంత్రి మాంటేగు రాజ్యాంగ సంస్కరణములను గూర్చి విచారించుటకు ఈ దేశమునకు వచ్చెను. స్త్రీవిద్యను గూర్చి విన్నవించుకొనుటకు దర్శన మిమ్మని ఈమె వ్రాయఁగా, రాజకీయ విషయములను గూర్చిన విన్నపములు మాత్రమే స్వీకరింపఁబడునని ప్రత్యుత్తరము వచ్చెను. చదువరు లిచ్చట యోచింపవలయును. రాజకీయమున స్థానము లేనివారికి విద్య నడుగుటకైనను వాకిలి తెఱవఁబడదని దీనివలన తేలెను. అంతట వోటుహక్కు విన్నపములోఁ జేరెను. ఆ డిసెంబరు 18వ తేదీన సరోజినీనాయుడుగారు నాయకురాలుగా మహిళలు చెన్నపురిలో మాంటేగును దర్శించి, వోటు విషయమున స్త్రీపురుషభేదము పాటింపరాదని కోరిరి.

సౌత్‌బరో సంఘమువారు దేశాచారములను సాకుగాఁ జూపి, స్త్రీలకు వోటిచ్చుటకుఁ గాలము రాలేదనిరి. 1919వ సంవత్సరపు చట్టము నిర్ణయమును రాష్ట్ర శాసనసభలకు విడిచెను. 1921లో చెన్నరాజధాని శాసనసభ యీ యడ్డంకిని తొలగించి, బ్రిటిషిండియా రాష్ట్రములలోఁ బ్రథమస్థానము వహించెను. కోస్తా, రాయలసీమ జిల్లాలు నాఁడా రాజధానిలోనివి గావున, అచ్చటి ఆంధ్రస్త్రీలకును ఆ హక్కు లభించెను. కాని ఆస్తినిబట్టియే వోటుండుటచేతను, ఆస్తి పెక్కిండ్లఁ బురుషుల పేరనే యుండుటచేతను, అది స్వల్పసంఖ్యాకులకే దక్కెను. 1926లో స్త్రీలు సభ్యులగుటకుఁ గూడ నవకాశము గలుగఁగా, ఈమె ప్రోత్సాహమున కమలాదేవీ చట్టోపాధ్యాయగారు ఎన్నికలలో నిలిచి స్వల్పభేదముతో నోడిరి. ఆస్తిభేద మెంచక దేశమందలి వయోజనుల కెల్లరకును వోటు నిచ్చినది 1950లో నమలులోనికి వచ్చిన రాజ్యాంగమే.

1932లో వాక్స్వాతంత్ర్యము నరికట్టు శాసనములను ఖండించి ఈమె వెల్లూరు చెఱసాల కేఁగెను. 1954లో చెన్నపురియందు పరమపదించెను.

విద్య లేక హక్కు నిలువదు. హక్కు లేక విద్యయు రాదు. కావున ఒకదాని పేరఁ జెప్పి రెండవదానిని వాయిదా వేయుట న్యాయము గాదు. ఇట్టివారిని స్మరించుటకు సభలు మాత్రమే చాలవు. మన యింటి స్త్రీలు ఎన్నికనాఁడు భర్త చెప్పినట్లు గాక స్వబుద్ధితో వోటు వేయుచున్నారా, ఇంటి యాస్తిలో వారి పేరున్నదా యని ప్రతి గృహస్థుఁడును విచారించుకొనవలయును. ఆ ప్రశ్నలకు అవునను సమాధానము వచ్చిననాఁడే ఈమె పడిన శ్రమ మన యింట ఫలించినట్లు.