అభిశ్రుతి, గుణము : ఒక భేదవిచారము

జర్మన్ భాషలో ఉమ్‌లౌట్ అనబడు స్వరవికారమును మన గుణాదేశముతో సమానముగా బోధించుట కలదు. నేనును చాల సంవత్సరములు అట్లే చెప్పితిని. అది పొరపాటని తెలిసినందున ఈ చిన్న వ్యాసము.

దీనిని వంగభాషావేత్తలు అభిశ్రుతి యనిరి. పరమందున్న ఇకార యకారముల ప్రభావముచే పూర్వస్వరము తాలుస్థానమువైపు జరుగుట దీని లక్షణము. ప్రాచీనోన్నత జర్మన్‌లో అతిథి 'గస్త్', అతిథులు 'గెస్తి'. ఆంగ్లమున పాదవాచి 'ఫోట్'. దాని బహువచనమున ఒకప్పుడు ఇకారము పరమై యుండెను. ఓకారము తాలవ్యమై, క్రమముగా ఏకారమై, 'ఫేట్' అయినది. నేటి ఫుట్, ఫీట్ వీని సంతతియే.

ఇందు గమనింపదగినది వేరొకటి. వికారహేతువైన ఇకారము పిదప లోపించినది, వికారము నిలిచినది. నిమిత్తము తొలగిన నైమిత్తికమును తొలగునను న్యాయమునకు ఇది ఎదురు. (ఆ న్యాయము సర్వత్ర చెల్లదని మనవారును ఎరుగుదురు.) హేతువు పోగా స్వరభేదమే వచనబోధకమైనది. సోదరవాచి 'బ్రూడర్'కు జర్మన్‌లో బహువచన ప్రత్యయమే లేదు. పెదవులు ఊకారమునకువలె గుండ్రముగా నుంచి, నాలుకను ఈకారస్థానమున నిలిపి పలికినచో సోదరులగుదురు.

గుణమట్లు కాదు. భవతి యందు భూధాతువునకు గుణము పరస్వరపు తాలవ్యత్వముచే రాలేదు, సార్వధాతుక ప్రత్యయనిమిత్తముచే వచ్చినది. దీనికి సాటి జర్మన్‌లోని సింగెన్, జాంగ్ వంటి అపశ్రుతి. ఈ రెంటికిని వేర్వేరు పేర్లను యాకబ్ గ్రిమ్ 19వ శతాబ్ది పూర్వార్ధముననే స్థిరపరచెను.

తెలుగున కత్తి, కత్తులు అనుచోట పరమైన ఉకారము పూర్వపు ఇకారమును మార్చినది. దిశ అభిశ్రుతిదే. కాని 'లు' నిలిచియుండుటచే బహుత్వభారము దానిదే, స్వరమునది కాదు. 'హరికి' అనునప్పుడు పూర్వస్వరమే పరస్వరమును మార్చుచున్నది గాన, దిశయే వేరు.

ఇక రెండు చుక్కల మాట. పూర్వము అక్షరముపై చిన్న ఎకారము వ్రాసెడివారు. చేతివ్రాతలో అది రెండు గీతలై, తుదకు చుక్కలైనది. కావున చుక్కలు ముద్రింప వీలుకానిచో ప్రక్కన ఎకారమును చేర్చవలెను. ఊరక విడుచుట తప్పు. చుక్కలున్న 'షోన్' సుందరవాచి, లేనిది 'ఇప్పటికే' యను అర్థమిచ్చును. 1839-40లో బాన్ నగరమునుండి అష్టాధ్యాయిని ప్రకటించిన బోట్‌లింక్ నామము గ్రంథపట్టికలలో రెండు విధముల నుండుటకు కారణమిదియే. చుక్కలును ఎకారమును లేని మూడవ రూపమును కొన్ని పట్టికలలో చూచితిని. ఆయన గ్రంథములకై వెదకు విద్యార్థి మూడు చోట్లను చూడవలసియుండును.