క్రీడా ఛాయాగ్రహణం: అప్పు చేసి కెమెరా కొనే ముందు

మరాఠ్వాడాలో లాతూర్ తర్వాత నీట్ కోచింగుకు అంతగా పేరుపడిన నాందేడ్‌లో, పదో తరగతి పూర్తయిన పిల్లల ముందు పెద్దలు ఉంచే దారులు సాధారణంగా రెండే: వైద్యం, ఇంజినీరింగు. ఆటపై ప్రాణం పెట్టుకున్న పిల్లవాడు జట్టులో చోటు దక్కించుకోలేకపోతే, ఇక వాడికి మైదానంతో పని లేదని, మిగిలిన కాలమంతా కోచింగ్ గదిలోనే గడవాలని కుటుంబం తీర్మానిస్తుంది. ఈ పాత నమ్మకానికి ఇటీవల మరొకటి తోడైంది. ఆటను ఫొటోలు తీస్తానని పిల్లలు పట్టుబట్టినప్పుడు, లక్షలు పోసి పెద్ద లెన్సు కొనిస్తే చాలు, వాళ్లు నేరుగా ఐపీఎల్ మైదానంలో తేలతారని కొందరు తల్లిదండ్రులు అనుకుంటున్నారు. మొదటి నమ్మకం పిల్లల ఇష్టాన్ని చంపుతుంది, రెండోది ఇంటిని అప్పులపాలు చేస్తుంది. ఆటను చదవగల కన్ను బజారులో దొరకదన్న సంగతిని మాత్రం రెండూ పట్టించుకోవు.

ఆ కన్ను ఎలా పనిచేస్తుందో బేస్‌బాల్ అంత స్పష్టంగా చూపే ఆటలు తక్కువ. మహారాష్ట్ర పాఠశాల క్రీడల్లో బేస్‌బాల్‌కూ, దానికి దగ్గరి బంధువైన సాఫ్ట్‌బాల్‌కూ చోటుంది. బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచ్చర్‌కు, బ్యాటర్ ఎదుట నేలపై ఉండే హోమ్ ప్లేట్‌కు మధ్య దూరం 18.44 మీటర్లు. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో విసిరిన బంతి ఆ దూరాన్ని అర సెకను లోపే దాటుతుంది. బ్యాటుకు బంతి ఆనుకుని ఉండేది సుమారు సెకనులో వెయ్యో వంతు మాత్రమే. సెకనుకు 20 ఫ్రేములు తీసే ఖరీదైన కెమెరాలో సైతం ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ మధ్య అంతటి వేగంగల బంతి దాదాపు 2 మీటర్లు కదిలిపోతుంది కనుక, మీట నొక్కి పట్టుకున్నంత మాత్రాన బ్యాటుపై బంతి ఉన్న చిత్రం దక్కుతుందన్న హామీ లేదు. పిచ్చర్ భుజం తిరిగే తీరును, బ్యాటర్ ముందుకాలు నేలను తాకే క్షణాన్ని వందలసార్లు చూసినవారే ఎప్పుడు నొక్కాలో ముందుగా పసిగట్టగలరు. కాంతి కెమెరాలోకి ప్రవేశించే వ్యవధిని షట్టర్ వేగం అంటారు. దాన్ని సెకనులో వెయ్యో వంతుకో రెండువేలో వంతుకో తగ్గించడం ఒక్క పూటలో నేర్చుకోవచ్చు, ఆట లయను పట్టుకోవడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.

ఎక్కడ నిలబడాలన్నదీ ఆట తెలిస్తేనే తెలుస్తుంది. బేస్‌బాల్‌లో బంతిని కొట్టినవారు పరుగెత్తి వరుసగా చేరాల్సిన స్థానాలను బేస్‌లు అంటారు. కుడిచేతి బ్యాటర్ ముఖం, ఛాతీ మొదటి బేస్ వైపు తెరుచుకుని ఉంటాయి కాబట్టి ఆ వైపు కూర్చున్న ఫొటోగ్రాఫర్‌కు అతని కళ్లు కనిపిస్తాయి. మొదటి బేస్ నుంచి రెండో బేస్‌కు దూసుకెళ్లి, దుమ్ము లేపుతూ నేలపై జారే ఆటగాడి ముఖం కావాలంటే మూడో బేస్ వైపు చేరాలి. ఆ పరుగు ఎప్పుడు మొదలవుతుందో ఊహించలేనివారు ఎంత ఖరీదైన లెన్సుతో గురిపెట్టినా, తీరా ఆటగాడు లేచి ప్యాంటు దులుపుకుంటున్నప్పుడు ఫొటో తీస్తారు.

అయితే ఆట ఇంత బాగా తెలిసిన వీరాభిమానికి ఒక బలహీనత ఉంది, దాన్ని మొదటే గుర్తించాలి. తన జట్టు గెలిచిన క్షణంలో కెమెరా దించి చప్పట్లు కొట్టేవారు ఈ వృత్తికి పనికిరారు. ఓడిన పిచ్చర్ మోకాళ్లపై కూలబడిన దృశ్యం అదే క్షణంలో పదడుగుల దూరంలో జరుగుతూ ఉండవచ్చు. 1948 జూన్ 13న న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియంలో, తీవ్ర అనారోగ్యంతో ఉన్న బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్‌కు వీడ్కోలు పలుకుతూ అతని 3వ నంబరు జెర్సీకి శాశ్వత విశ్రాంతి ప్రకటించినప్పుడు, తక్కిన ఫొటోగ్రాఫర్లు ముఖం కోసం ముందు గుమిగూడగా, న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్‌కు చెందిన నాట్ ఫీన్ వెనక్కి వెళ్లి, బ్యాటుపై వాలి నిలుచున్న ఆ వీపును, దానిపై ఉన్న అంకెను ఫ్లాష్ లేకుండా చిత్రించాడు. ఫీన్ ఆ రోజు వచ్చింది జబ్బుపడిన సహోద్యోగి బదులుగా. ఆ చిత్రానికి 1949లో పులిట్జర్ బహుమతి లభించింది. రూత్ 1948 ఆగస్టులోనే కన్నుమూశాడు. ఆ వేడుకలో అసలు సంగతి అంకె అని గ్రహించడమే ఫీన్ చేసిన పని, దానికి పెద్ద లెన్సు అవసరం పడలేదు.

ఖర్చు విషయంలో తల్లిదండ్రులు గట్టిగా నిలబడాలి. అగ్రశ్రేణి పత్రికా ఫొటోగ్రాఫర్లు వాడే 400 ఎంఎం, ఎఫ్ 2.8 లెన్సు ఒక్కటే కొత్తది కొంటే పది లక్షల రూపాయలు దాటుతుంది; అటువంటివి చాలావరకు పెద్ద సంస్థలు తమ సిబ్బందికి సమకూర్చేవే. నేర్చుకునే విద్యార్థికి వాడిన కెమెరా బాడీ, 70-200 ఎంఎం జూమ్ లెన్సు సరిపోతాయి, పగటి వెలుతురులో జరిగే పాఠశాల పోటీలకు అంతకన్నా తక్కువైనా నడుస్తుంది. వాడిన కెమెరా కొనేటప్పుడు అప్పటిదాకా అది ఎన్ని ఫొటోలు తీసిందో తెలిపే షట్టర్ కౌంట్‌ను తప్పక చూడాలి. నెలసరి వాయిదాలపై కెమెరా కొని, ఆ వాయిదా కట్టడానికి చదువు మానేసి పెళ్లిళ్ల సీజనంతా రాత్రుళ్లు పనిచేసే యువకుడు మైదానానికి ఎప్పుడు వెళ్తాడు? వాయిదా చెల్లించినన్నాళ్లూ ఆ కెమెరా అతనిది కాదు, అతనే ఆ కెమెరాకు చెందినవాడు.

మూడు నెలల్లో స్పోర్ట్స్ ఫొటోగ్రాఫర్‌ను చేస్తామనే డిప్లొమాల ఉచ్చు ఇంకా పెద్దది. లక్షల్లో ఫీజు వసూలు చేసి, స్టూడియోలో మోడళ్ల ఫొటోలు తీయించి, ఒక్కరోజు మైదానం చూపించి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థను ఒకే ప్రశ్నతో పరీక్షించవచ్చు: గత బ్యాచ్ విద్యార్థుల్లో ఎవరి ఫొటోలు ఏ పత్రికలో వారి పేరుతో అచ్చయ్యాయి? జవాబు తడబడితే అక్కడి నుంచి లేచిరావడం మంచిది. ఇంటర్‌తో సమానమైన 12వ తరగతి పూర్తిచేసినవారు హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ప్రవేశ పరీక్ష ద్వారా ఫొటోగ్రఫీ డిగ్రీలో చేరవచ్చు. అంతకన్నా మెరుగైన దారి మరొకటి ఉంది: నాందేడ్‌లోనే ఏదైనా డిగ్రీ చదువుతూ, వారాంతాలు మైదానంలో గడిపి, ఆపై స్వామి రామానంద తీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయం వంటి చోట జర్నలిజంలో పీజీ చేయడం. దీనికి ఖర్చు తక్కువ, ఫొటోగ్రఫీ కూడు పెట్టకపోయినా చేతిలో డిగ్రీ ఉంటుంది.

ఐపీఎల్ కలను కొంచెం పక్కన పెట్టాలి. మైదానం అంచున కూర్చోవడానికి నిర్వాహకులు ఇచ్చే అనుమతిని అక్రెడిటేషన్ అంటారు, అది సాధారణంగా గుర్తింపున్న సంస్థల ద్వారానే వస్తుంది. ఆ సంస్థలకైనా అది దక్కుతుందన్న భరోసా లేదు. 2012లో ఇంగ్లండ్ జట్టు భారత్‌కు వచ్చినప్పుడు క్రికెట్ బోర్డు కొన్ని ఫొటో ఏజెన్సీలను అనుమతించకపోవడంతో, రాయిటర్స్, ఏఎఫ్‌పీ, ఏపీ వంటి వార్తాసంస్థలు నిరసనగా కవరేజీ నిలిపివేశాయి. అంతటి సంస్థలే గేటు బయట నిలబడిన చోట, నిన్న కెమెరా కొన్న కుర్రవాడిని పంపాలని ఒత్తిడి చేయడం అతనికి అన్యాయం.

నాందేడ్ విద్యార్థికి ఇంటి దగ్గరే దొరికేది ఇంతకన్నా చాలా ఎక్కువ. నగరంలో జరిగే శ్రీ గురుగోవింద్ సింగ్‌జీ గోల్డ్, సిల్వర్ కప్ అఖిల భారత హాకీ పోటీలు, లోహా తాలూకాలోని మాలెగావ్ ఖండోబా జాతరలో జరిగే కుస్తీలు, తాలూకా స్థాయి నుంచి లాతూర్ విభాగ స్థాయి దాకా సాగే పాఠశాల పోటీలు ఇవన్నీ కెమెరాలు కిక్కిరిసిపోని మైదానాలు. 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో భాగంగా ఉన్న ఈ జిల్లాలో, ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ వైపు తెలుగు కుటుంబాల పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, వీధిలో హిందీ మాట్లాడుతూ పెరుగుతారు. ఫొటో కింద ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం జరిగిందో చెప్పే క్యాప్షన్‌ను మూడు భాషల్లో రాయగల ఫొటోగ్రాఫర్ ఇటు నాందేడ్ పత్రికలకూ, అటు నిజామాబాద్, ఆదిలాబాద్ పత్రికలకూ పనికొస్తాడు. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2011లో జూనియర్ ప్రపంచ విజేత, 2022లో సీనియర్ ప్రపంచ విజేత. అలాంటి క్రీడాకారుల తొలినాళ్ల ఫొటోలకు విలువ వచ్చేది పేరు, తేదీ, పోటీ వివరాలతో ఎవరైనా భద్రపరిచినప్పుడే. పాఠశాల పిల్లల ఫొటోలు ప్రచురించే ముందు వారి తల్లిదండ్రుల, కోచ్‌ల అనుమతి తీసుకోవడం కూడా ఈ పనిలో భాగమే.

ఆదాయం గురించి దాపరికం అనవసరం. జీతమిచ్చే క్రీడా ఫొటోగ్రాఫర్ ఉద్యోగాలు తక్కువ. ఎక్కువమంది ఫ్రీలాన్సర్లు, అంటే పనికింతని తీసుకుంటూ, పాఠశాలల క్రీడాదినోత్సవాలు, టోర్నమెంట్లు, పెళ్లిళ్లు కలిపి బతుకు నెట్టుకొచ్చేవారు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బు చెల్లించి ఎవరైనా తీయించుకున్న ఫొటోపై, వేరే ఒప్పందం లేనిపక్షంలో, హక్కు తీయించుకున్నవారిదే అవుతుంది కాబట్టి, చిన్న టోర్నమెంటైనా ఒక పేజీ రాతపూర్వక ఒప్పందం లేకుండా పని ఒప్పుకోకూడదు.

ఇంత తెలిశాక కూడా పిల్లవాడు మైదానమే కావాలంటే, అతన్ని నీట్ మళ్లీ రాసేవారి రిపీటర్ బ్యాచ్‌లో మూడోసారి చేర్చి ఇంకో ఏడాది పోగొట్టవద్దు. అరువు కెమెరాతో ఒక పూర్తి సీజను జిల్లా పోటీలన్నీ తీయనివ్వాలి, తీసినవాటిలో ఇరవై ఫొటోలు మాత్రమే ఎంచి, క్యాప్షన్లు రాసి, స్థానిక పత్రిక ఫొటో విభాగానికి తానే వెళ్లి చూపించమనాలి. కెమెరా కొనాలా వద్దా అన్న మాట ఆ తర్వాతే ఇంట్లో ఎత్తాలి.