చీనీ ఆకు తెలుపు లోపములు

పులివెందుల ప్రాంతపు రైతులకు చీనీ తోట పెద్ద ఆధారము. ఆకు పసుపు బారినంతనే చేతికందిన ఎరువు వేయుట తగదు; డబ్బు వ్యర్థమగును, చెట్టు కోలుకొనదు. ఏ పోషకము కొరవడినదో ఆకే తెలుపును.

మొదట ముదురాకులను చూడవలెను. అవి ఈనెలతో సహా ఒకే తీరున పాలిపోయినచో నత్రజని లోపము. తొడిమ వైపున మాత్రము ఆకుపచ్చని కోణము మిగిలి, అంచులు పసుపు బారినచో మెగ్నీషియము లోపము.

పిమ్మట లేతాకులను చూడవలెను. అవి చిన్నవై, సన్ననివై, ఈనెల నడుమ పసుపు మచ్చలు తేలినచో జింకు లోపము. ఆకు చిన్నది కాకయే, ఆకుపచ్చని ఈనెల వల నిలిచి తక్కిన భాగము పాలిపోయినచో ఇనుము లోపము.

ఈ కడపటి రెండును సున్నము హెచ్చుగా గల నేలలలో తరచు కానవచ్చును. నేలలో ధాతువున్నను సున్నము దానిని వేళ్ళకు అందనీయదు. కావున ఆకులపై చల్లుట మేలు. జింకు లోపమునకు లీటరు నీటిలో 5 గ్రాముల జింకు సల్ఫేటు, 10 గ్రాముల యూరియా కలిపి లేత చిగుళ్ళపై చల్లవలెను. ఉపేక్షించినచో కొమ్మలు చివరల నుండి ఎండును, కాయ చిన్నదగును.

ఆకు రెండు సగములలో మచ్చలు వేర్వేరు తీరున నున్నచో అది తెగులు కావచ్చును. అట్టి కొమ్మను ఉద్యాన శాఖాధికారికి చూపుడు.