జిజ్ఞాస

‘జ్ఞా’ ధాతువుకు ‘తెలుసుకొనుట’ అని అర్థం. కోరికను తెలిపే ‘సన్’ ప్రత్యయం దానికి చేరగా ‘జిజ్ఞాస’ అనే పదం ఏర్పడింది. అంటే తెలుసుకోవాలనే కోరిక. కోరిక ఎవరికి వారికే పుట్టాలి. దానిని పాఠ్యప్రణాళికలో చేర్చి తరగతిలో పంచిపెట్టడం ఎంతటి ఉపాధ్యాయునికైనా సాధ్యం కాదు.

ప్రశ్నోపనిషత్తులో సుకేశుడు మొదలైన ఆరుగురు సమిధలు చేతబట్టుకొని పిప్పలాద మహర్షిని ఆశ్రయిస్తారు. ఆయన వెంటనే బోధకు పూనుకోడు. ఒక సంవత్సరం నియమంతో, శ్రద్ధతో అక్కడ నివసించి, ఆ తరువాత తమకు తోచిన ప్రశ్నలు అడగమంటాడు. తనకు తెలిసి ఉంటే చెబుతానంటాడు. గురువు నోట ‘తెలిసి ఉంటే’ అనే మాట రావడం ఎంత అరుదు! అక్కడి ఆరు ప్రశ్నలూ శిష్యులవే.

ఈ పద్ధతికి దగ్గరగా వచ్చిన ఆధునిక ప్రయత్నం జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్. గ్వాలియర్‌లో ప్రారంభమైన ఈ కార్యక్రమం 1993లో కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం ఆధ్వర్యంలో దేశమంతటికీ విస్తరించింది. పది నుండి పదిహేడేళ్ల వయసు గలవారు చిన్న బృందంగా ఏర్పడి, తమ పరిసరాలలోని ఒక సమస్యను తామే ఎన్నుకొని, కొన్ని నెలలు పరిశోధించి, ఫలితాన్ని జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిలలో వివరించడం దీని స్వరూపం. మాతృభాషలోనే వివరించవచ్చు. ఇది వైజ్ఞానిక ప్రదర్శన కాదు. థర్మోకోల్ అగ్నిపర్వతాలకు ఇక్కడ చోటు లేదు. కృష్ణా డెల్టాలో అగ్నిపర్వతమే లేదు కదా!

డెల్టాలో ప్రశ్నలకు మాత్రం కొరత లేదు. దివిసీమలో నాగాయలంక, కోడూరు వైపు భూగర్భ జలాలలో ఉప్పదనం ఎక్కువ. కాలువకు నీరు వదిలిన తరువాత ఆ గట్టు పక్క బావి నీటి రుచి మారుతుందా? ఎంత దూరం వరకు మారుతుంది? కాలువ కట్టి ఉన్న వేసవిలో ఒకసారి, నీరు పారుతున్న రోజులలో మరొకసారి, అవే బావుల నుండి లీటరు చొప్పున నీరు తెచ్చి, మరిగించి ఇగిర్చి, అడుగున మిగిలిన లవణాన్ని కంసాలి త్రాసులో తూస్తే చాలు. తేడా కనబడకపోయినా ఫలితం ఫలితమే. దానిని ఉన్నది ఉన్నట్లు వ్రాయాలి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. బహుమతిపై ఆశతో ఉపాధ్యాయుడే ప్రశ్న ఇచ్చి, తండ్రి పట్టికలు గీసి, పిల్లవాడు కంఠస్థం చేసి అప్పగిస్తే అది మరొక పరీక్ష అవుతుంది. పరీక్షలు మనకు చాలినన్ని ఉన్నాయి. దినచర్య పుస్తకంలో కొట్టివేతలు లేకపోతే నాకు అనుమానం. ఎండలో బావుల వెంట తిరిగినవాని పుస్తకం అంత శుభ్రంగా ఉండదు.

మీలో పదిహేడేళ్లు దాటనివారు ఇంకా ఉంటారు. విజయవాడలో చదివేవారికి ప్రశ్న బుడమేరు రూపంలో సిద్ధంగా ఉంది. 2024 సెప్టెంబరు ఆరంభంలో ఆ వాగు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీట మునిగింది. అప్పుడే ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు మించి ప్రవహించింది. బుడమేరు మళ్లింపు కాలువ బ్యారేజీకి ఎగువన నదిలో కలుస్తుంది. నది నిండుగా ఉంటే కాలువ నీరు సులభంగా దిగదు. ఇంతవరకు పెద్దలు చెప్పగలరు. ఏ వీధిలోకి నీరు ముందు వచ్చింది, ఎక్కడ ఎంత ఎత్తున నిలిచింది, ఏ సందులో ఆలస్యంగా తీసింది అనేవి మాత్రం ఇంటింటికీ వెళ్లి అడిగి, కొలిచి, పటం గీయవలసిన విషయాలు. కొలతబద్దతో ముందుగా గోడల వద్దకు వెళ్లాలి. రంగు వేసిన కొద్దీ వాటిపై నీటి గుర్తులు చెరిగిపోతాయి.