ఇల్లు కోల్పోయిన శునకం

బసవేశ్వరుడు దయను ధర్మమునకు మూలముగా బోధించినాడు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున శునకము వేదము చదివిన కథ ఉన్నది. ఆ కథ విని పరవశించువారే ఇల్లు మారునపుడు పెంచిన కుక్కను వీధిపాలు చేయుట విచారకరము. 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము అది నేరము కూడ.

వీధికుక్క వేరు, విడువబడిన కుక్క వేరు. 2023 నియమముల ప్రకారము వీధికుక్కకు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టినచోటనే విడువవలెను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వీధులలో పుట్టి పెరిగిన కుక్కకు ఆ వీధియే ఇల్లు. ఇంట పెరిగినదానికి తిరిగి చేరుటకు చోటేది? దానికి కావలసినది ఆశ్రయము. కడప జిల్లాకు పొరుగున, పుట్టపర్తిలో 2000లో స్థాపితమైన కరుణా సొసైటీ వంటి సంస్థలు అట్టి ఆశ్రయము నిచ్చుచున్నవి.

కొత్తగా వచ్చిన కుక్కను కొన్నాళ్లు వేరుగా ఉంచి టీకాలు వేయింపవలెను. భయముతో మూల కొదిగినదానిని చేయి చాచి తాకరాదు, కన్నులలోకి చూడరాదు. ప్రతిదినము ఒకే వేళకు ఒకే మనిషి గిన్నె పెట్టి, కొంత దూరమున పక్కకు తిరిగి కూర్చుండవలెను. ఒక్కొక్కప్పుడు వారములు గడచినగాని అది తానై వచ్చి చేతిని వాసన చూడదు. అన్నము పెట్టుట దాసోహమే, సందేహము లేదు. ఈ నిరీక్షణ మాత్రము కాయకము. దానిని స్వీకరించు కుటుంబమునకు ఒక్కమాట మరీమరీ చెప్పవలెను: తొలినాళ్లలో తాడు లేక వాకిట విడువరాదు, పాత ఇంటిని వెదకుచు పోవచ్చును.