ఇంట కూర్చుండి పని చేయు తల్లి

పఠన భాగములు: సామెతలు 31:10–31, 2 రాజులు 4:1–7



సామెతల గ్రంథములోని చివరి అధ్యాయము మన సంఘములలో తరచుగా చదువబడును. పెండ్లిలో చదువుదుము, తల్లుల దినమున చదువుదుము, ఒక ముసలితల్లి ప్రభువునందు నిద్రించినప్పుడు చదువుదుము. చదివిన ప్రతిసారి దానిని స్త్రీలకే బోధించుదుము. ఆ బోధ విని ఇంటికి పోయిన తల్లి పొయ్యి రాజేసి, పిల్లలకు అన్నము పెట్టి, మరల తన పనిలో కూర్చుండి, “నేను ఆమెవంటి దానను ఎన్నటికిని కాలేను” అని నిట్టూర్చును. ఆ నిట్టూర్పు కొరకు ఈ అధ్యాయము వ్రాయబడలేదు. కావున ఈ మాసము దానిని మరియొక ప్రక్కనుండి చదువుదము.

ఆ స్త్రీ చేయు పని ఏమి? ఉన్నిని, అవిసెనారను సంపాదించి తన చేతులతో పని చేయుచున్నది (13). కదురు పట్టుచున్నది (19). నారబట్టలు చేసి అమ్ముచున్నది, నడికట్లు వర్తకులకు అప్పగించుచున్నది (24). రాత్రివేళ ఆమె దీపము ఆరుటలేదు (18). ఇది వంటపని, ఊడ్పుపని మాత్రమే కాదు. వెల కట్టి అమ్మబడు పని. ఆమె ఇంటనుండియే సంపాదించు తల్లి. కొరింథులో ప్రిస్కిల్లయు ఇట్టిదే. భర్తయైన అకులతో కూడ ఆమె చేసిన వృత్తి డేరాలు కుట్టుట, పౌలు వారి ఇంటనే దిగి వారితో కలిసి పని చేసెను (అపొ. 18:2, 3). ఒక్క సంగతి మాత్రము బోధకులు త్వరగా దాటిపోవుదురు: సామెతలలోని స్త్రీకి పనికత్తెలుండిరి (15). మన సహోదరికి పనికత్తె ఎక్కడ? తానే యజమానురాలు, తానే పనికత్తె.

2020లో కరోనా వ్యాధి వచ్చినప్పుడు, పట్టణపు ఉద్యోగస్థులు ఇంటినుండి పని చేయుటను గూర్చి పత్రికలు క్రొత్త సంగతివలె వ్రాసినవి. మన పల్లెలలోని తల్లులకు అది తాతలనాటి సంగతి. గోదావరి తీరమున నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో పంతొమ్మిదవ శతాబ్దమున మిషనరీలు బీద స్త్రీలకు లేసు అల్లుట నేర్పిరి. ఆ పని గ్రామ గ్రామమునకు ప్రాకినది. వర్తకుని మనిషి దారము తెచ్చియిచ్చును. స్త్రీలు ఇంటి అరుగుమీద కూర్చుండి అల్లుదురు. అతడు వచ్చి అల్లినది తీసికొని కూలి యిచ్చును. సముద్రము దాటి పరదేశములలోని బల్లలమీద పరచబడిన లేసు ఈ అరుగులమీద పుట్టినదే. 2024లో నరసాపురము లేసుకు భౌగోళిక గుర్తింపు కూడ దొరికినది. సంతోషమే. అయితే మరియా మీస్ అను జర్మను విద్వాంసురాలు ఈ స్త్రీలను గూర్చి 1982లో ప్రచురించిన గ్రంథములో ఒక చేదు మాట కలదు. దినమునకు ఎన్నో గంటలు లేసు అల్లుచున్నను, వారిని పనివారుగా ఎవరును లెక్కింపలేదు. వారు గృహిణులనియు, తీరిక వేళ ఏదో అల్లుకొనుచున్నారనియు చెప్పుకొనిరి. తీరికలో చేయు పనికి తక్కువ కూలి చాలునను తలంపు ఆ మాట వెనుకనే నడచి వచ్చును.

ఇట్లే తెలంగాణలో నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల వైపు తల్లులు బీడీలు చుట్టుదురు. ఒడిలో చాట పెట్టుకొని, తడిపిన తునికాకును కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారము కట్టుదురు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. 1966లో వచ్చిన బీడీ, చుట్ట కార్మికుల చట్టము ఇంటివద్ద చుట్టువారిని సహితము కార్మికులుగానే ఎంచినది. ప్రభుత్వము వారిని కార్మికులని పిలిచెను గాని, ఇంటిలోనివారు అట్లు పిలుచుటకు ఇంకను వెనుకాడుచున్నారు.

ఇందులోని సంతోషమును తక్కువ చేయరాదు. కూలికి పొలము పోయిన తల్లి చంటిబిడ్డ ఏడ్పును సాయంకాలము వరకు వినలేదు. ఇంటనున్న తల్లి వినును, పాలిచ్చును, బిడ్డ తొలి అడుగు తానే చూచును. జ్వరముతో పడుకొన్న పిల్లవాని నుదుటిమీద ఒక చేయి, పనిమీద ఒక చేయి. ఇరుగు పొరుగు స్త్రీలు కలిసి కూర్చున్న అరుగుమీద కీర్తనలు పుట్టును, కష్టసుఖములు పంచుకొనబడును. వారాంతమున వచ్చిన కొద్ది రూకలు ఆమె చేతికే వచ్చినయెడల, బడి ఫీజు కొరకు ఆమె ఎవరియెదుటను చేయి చాపనక్కరలేదు.

కష్టమో, అది కంటికి కనబడదు. పొలమునకు హద్దు కలదు, కూలిపనికి పొద్దు కలదు; ఇంటి పనికి ఆ రెండును లేవు. “నీవు ఇంటనే యున్నావు గదా” అను మాటతో చుట్టాలు వత్తురు, మామగారికి మజ్జిగ కావలెను, ఆవులు మేతకు అరచును. మధ్యలో దారము చిక్కుపడును. రాత్రి అందరును పండుకొన్న తరువాత దీపమువద్ద కూర్చుండగా కన్నులు మండును, నడుము పట్టును. తంబాకు దుమ్ము బిడ్డ రొమ్ములోనికి పోవుచున్నదని ఆ తల్లికే బాగుగ తెలియును. తెలిసియు పని మానలేకపోవుటయే ఆమె దుఃఖము.

ఇప్పుడు రెండవ భాగము చూడుడి. ఎలీషా యొద్దకు వచ్చిన విధవరాలి కథను అద్భుతముగానే చెప్పుకొందుము. అది ఇంటిలో పని చేసిన ఒక తల్లి కథయు నైయున్నది. అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకొని పోవుటకు వచ్చియున్నాడు. ప్రవక్త ఆమెకు చెప్పినదేమి? పొరుగువారినందరిని పాత్రలు అడుగుమనెను, తలుపు మూసికొనుమనెను. పొరుగువారు పాత్రలిచ్చిరి, కుమారులు పాత్రలు అందించిరి, తల్లి నూనె పోసెను. పని చేయు తల్లికి మూసికొనుటకు ఒక తలుపు, అనగా ఎవరును పిలువని కొంత కాలము అవసరమని ప్రవక్తకు తెలిసినది. పిల్లలు చేయి వేయుటయు మంచిదే. అయితే తల్లి ప్రక్కను పాత్ర అందించుట వేరు, బడి మాని దినమెల్ల బీడీలు చుట్టుట వేరు. పిల్లల చేతులను కోరినవాడు ఆ కథలో అప్పులవాడే. చివర ప్రవక్త తనకు వంతు అడుగలేదు. నూనె అమ్మి అప్పు తీర్చి, మిగిలినదానితో నీవును నీ పిల్లలును బ్రదుకుడనెను. ఆ సొమ్ము ఆమెది.

తిరిగి సామెతలకు రండు. 23వ వచనమున ఆమె భర్త గవిని యొద్ద పెద్దలతో కూర్చుండియున్నాడు. 31వ వచనమున ఆమె చేతుల ఫలమును గూర్చిన మాట ఆ గవిని యొద్దనే చెప్పబడినది. మన తెలుగు బైబిలులో అది ఇయ్యదగినదని సౌమ్యముగా వినబడును గాని, హెబ్రీ మూలములో అది ఆజ్ఞ, అదియు బహువచనములో: మీరు ఆమెకు ఇయ్యుడి. ఆజ్ఞ ఎవరికి? ఇరువది వచనములు పని చేసి అలసిన స్త్రీకి కాదు. గవిని యొద్ద కూర్చున్నవారికి: భర్తకు, కుమారులకు, సంఘపు పెద్దలకు, సరకు కొనిపోవు వర్తకునికి. లెక్కలో కొన్ని బీడీలు అదనముగా లాగుకొని, బాగున్నవానిని పనికిరావని త్రోసివేయు మనిషి మన సంఘస్థుడే అయినయెడల, అతడు యాకోబు 5:4 చదువుకొనవలెను. పట్టబడిన కూలి అక్కడ మొఱ్ఱపెట్టుచున్నది. అది చేరిన చెవులు ఎవరివో కూడ అక్కడనే వ్రాయబడియున్నది.

విశ్రాంతిని గూర్చి ఒక్క మాట. నాలుగవ ఆజ్ఞలో కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, పశువు, పరదేశి చెప్పబడిరి (నిర్గమ. 20:10). భార్య పేరు వేరుగా లేదు. ఏలయనగా “నీవు” అను మాటలోనే ఆమెయు కలదు. సోమవారము సరకు అప్పగింపవలెనని ఆదివారము ఆరాధన కాగానే ఆమె చాట ముందు కూర్చుండుచుండగా, ఇంటిలోని మగవారు అరుగుమీద కునుకుట ఆ ఆజ్ఞను సగమే కైకొనుట. శనివారము సాయంకాలము నీళ్లు మోయుట, బియ్యము ఏరుట, పిల్లలకు స్నానము చేయించుట మగవాని చేతులకును వచ్చును.

కూటములో మాటలాడుకొనుటకు: మన గ్రామములో ఇంటనుండి పని చేయు తల్లులు ఎందరు? వారి కూలి ఎవరి చేతికి చేరుచున్నది? వెయ్యికి గాని, గజమునకు గాని ఇప్పుడు ఇచ్చుచున్న ధర మన పెద్దలలో ఎందరికి తెలియును? మధ్యాహ్నము రెండు గంటలు చంటిపిల్లలను గుడి వసారాలో చూచుకొనుటకు స్త్రీల సమాజమునుండి ఎవరు ముందుకు వచ్చెదరు? ఈ ప్రశ్నలను పురుషుల కూటములో మొదట అడుగుడి.