పథకం తెలుసుకుందాం: డిగ్రీ తర్వాత విదేశీ చదువు – ఎస్టీ విద్యార్థులకు లాభమేంటి, దారేది?

జి.మాడుగుల సంతలో పథకాల గురించి చెబుతుంటే ఒక తండ్రి అడిగారు: "మా పాప బీఎస్సీ ఆఖరి ఏడాది సార్. విదేశం చదువుకి గవర్నమెంటే డబ్బులిస్తాదట, నిజమేనా? అంత దూరం పంపితే మాకేటొస్తాది?"

మొదటి ప్రశ్నకు జవాబు: నిజమే, ఇస్తుంది. రెండో ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో చెప్పేది కాదు. అందుకే ఈ పాఠం. మీ ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలుంటే వాళ్లతో కలిసి చదవండి.

1. అసలు లాభం ఏమిటి?

విదేశం అంటే పెద్ద జీతం, పెద్ద బిల్డింగులు అనుకుంటాం. జీతం సంగతి అలా ఉంచి, చదువు వల్ల వచ్చే లాభం చూద్దాం.

• ఇక్కడ దొరకని సబ్జెక్టు, ల్యాబ్ దొరుకుతాయి. మన పంటల మీద, మన జబ్బుల మీద ఏళ్ల తరబడి పని చేసిన గురువుల దగ్గర కూర్చుని నేర్చుకోవచ్చు.

• బట్టీ పట్టే చదువు తగ్గుతుంది. సొంతంగా ఒక ప్రశ్న తీసుకుని, లెక్కలు సేకరించి, రాసి, నలుగురి ముందు నిలబడి చెప్పాలి. ఈ అలవాటు వచ్చిన మనిషి ఏ ఆఫీసులోనైనా ధైర్యంగా మాట్లాడగలడు.

• బ్రిటన్‌లో చాలా మాస్టర్స్ కోర్సులు ఒక్క ఏడాదిలో అయిపోతాయి. ఇక్కడ పీజీకి రెండేళ్లు.

• వేరే దేశాల కొండజాతుల పిల్లలు పరిచయమవుతారు. వాళ్ల భూమి, వాళ్ల భాష, వాళ్ల అడవి సమస్యలు మనవాటిలాగే ఉంటాయి. వాళ్లు కనిపెట్టిన దారులు మనకీ పనికొస్తాయి.

2. మనలాంటి ఇళ్ల నుంచి వెళ్లినవాళ్లు ఉన్నారా?

ఉన్నారు. జార్ఖండ్‌లోని ముండా తెగకు చెందిన జైపాల్ సింగ్ ఇంగ్లండ్ వెళ్లి ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన భారత హాకీ జట్టుకు ఆయనే కెప్టెన్. తర్వాత రాజ్యాంగ సభలో కూర్చుని ఆదివాసీల హక్కుల గురించి గట్టిగా మాట్లాడారు.

అదే తెగకు చెందిన రామ్‌దయాళ్ ముండా అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రంలో పీహెచ్‌డీ చేశారు. అక్కడే మిన్నెసోటాలో పాఠాలు చెప్పారు. 1980లలో రాంచీకి తిరిగొచ్చి, రాంచీ విశ్వవిద్యాలయంలో గిరిజన భాషల విభాగాన్ని నిలబెట్టారు. ఆ విశ్వవిద్యాలయానికే వైస్ ఛాన్సలర్ అయ్యారు. 2010లో పద్మశ్రీ అందుకున్నారు. ఇంట్లో మాట్లాడే భాష తరగతి గదిలోకి రావడానికి ఆయన చదువు ఉపయోగపడింది.

మన వైపు గదబల్లో కొందరు మాట్లాడే గుతోబ్ కూడా ముండా భాషల కుటుంబానిదే. మన కువి, పోర్జ, గదబ భాషల మీద పని చేయడానికి మన పిల్లలే ముందుకొస్తే ఎంత బాగుంటుందో ఆలోచించండి.

3. ఏ చదువు మన కొండకు పనికొస్తుంది?

కాఫీ, వ్యవసాయం: మన ఇళ్లలో చాలామందికి కాఫీయే ఆధారం. 2025లో అరకులోయ మండలంలో కాఫీ కాయతొలుచు పురుగు కనిపించి రైతులు భయపడ్డారు. ఈ పురుగుతో కొలంబియా, బ్రెజిల్ రైతులు దశాబ్దాలుగా పోరాడుతున్నారు. బీఎస్సీ అగ్రికల్చర్, బోటనీ, జువాలజీ చదివినవాళ్లు పంట తెగుళ్ల శాస్త్రంలో పై చదువుకు వెళ్లొచ్చు. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయం వ్యవసాయ చదువులకు పేరున్నది.

ఆరోగ్యం: సికిల్‌సెల్ రక్తహీనత గిరిజన ప్రాంతాల్లో ఎక్కువ. దీన్ని 2047 నాటికి నిర్మూలించాలని కేంద్రం 2023 జులై 1న జాతీయ మిషన్ మొదలుపెట్టింది. దీనికి డాక్టర్లే కాదు, ఊరూరా లెక్కలు తీసి, ఇంటి భాషలో వివరించగల ప్రజారోగ్య నిపుణులు కావాలి. లండన్, లివర్‌పూల్‌లలో ఉష్ణదేశాల జబ్బుల కోసమే వందేళ్లకు పైగా నడుస్తున్న విద్యాసంస్థలు ఉన్నాయి. నర్సింగ్, బీఎస్సీ లైఫ్ సైన్సెస్ వాళ్లు వీటి గురించి తెలుసుకోవాలి.

ఇంకా అడవుల పెంపకం, భూమి చట్టాలు, భాషాశాస్త్రం, కంప్యూటర్ సైన్స్ కూడా ఉన్నాయి. కోర్సు ఎంచుకునే ముందు "ఇది చదివి నేను ఏం పని చేస్తాను?" అని ఒక పేజీ రాసుకోండి. దరఖాస్తులో అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఇదే.

4. డబ్బు ఎక్కడి నుంచి?

మైదానంలో చాలామంది పొలమో ఇల్లో తాకట్టు పెట్టి చదువు అప్పు తెస్తారు. మనకు ఆ దారి ఇరుకు. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. ఆ చట్టం మన భూమికి కంచె, అది ఉండాల్సిందే. కానీ అందువల్ల పెద్ద అప్పుకు ఈ భూమిని హామీగా తీసుకోవడానికి బ్యాంకులు వెనకాడతాయి. కాబట్టి మన పిల్లలకు స్కాలర్‌షిప్పే అసలు దారి.

(అ) నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ – కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ

• ఎవరికి: ఎస్టీ విద్యార్థులకు. మాస్టర్స్, పీహెచ్‌డీ, ఆ పై పరిశోధనకు మాత్రమే. విదేశంలో డిగ్రీ చదవడానికి ఇవ్వరు.
• ఎన్ని: దేశం మొత్తానికి ఏడాదికి 20. వీటిలో 3 పీవీటీజీ తెగలకు. మన కొండల్లో ఖోండు, పోర్జ, గదబల్లోని కొన్ని ఉపతెగలు పీవీటీజీ జాబితాలో ఉన్నాయి. మీది ఉందో లేదో అడిగి తెలుసుకోండి.
• ఆడపిల్లలకు 30 శాతం.
• వయసు 35 ఏళ్లలోపు. కుటుంబ ఆదాయం ఏడాదికి 6 లక్షల రూపాయలలోపు.
• ఏం ఇస్తారు: ట్యూషన్ ఫీజు, విమాన ఛార్జీ, వీసా ఫీజు, ఆరోగ్య బీమా. ఉండటానికి, తినడానికి ఏడాదికి 15,400 అమెరికా డాలర్లు. బ్రిటన్ అయితే 9,900 పౌండ్లు. డాలర్లలో ఇచ్చేది మన లెక్కలో 12 లక్షల రూపాయలకు పైమాటే.

ఇరవై సీట్లే కదా, మనకెక్కడ వస్తుందిలే అనుకోకండి. దరఖాస్తే పెట్టకపోతే రాదన్నది మాత్రం ఖాయం.

(ఆ) రాష్ట్ర పథకం: గతంలో జగనన్న విదేశీ విద్యా దీవెన పేరుతో ఉన్న పథకాన్ని 2024లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యా నిధిగా పేరు మార్చారు. నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఆదాయ పరిమితి, విశ్వవిద్యాలయం ర్యాంకు షరతు రెండూ జాగ్రత్తగా చదవండి.

(ఇ) ఇంకొన్ని దారులు: బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్‌కు రెండేళ్ల ఉద్యోగ అనుభవం కావాలి, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. కామన్వెల్త్ స్కాలర్‌షిప్, యూరప్ దేశాల ఎరాస్మస్ ముండస్ కూడా ఉన్నాయి. జర్మనీలో ఎక్కువ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు. కానీ ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు ముందే ఖాతాలో చూపించాలి.

5. కాగితాలు: డిగ్రీ రెండో ఏడాది నుంచే మొదలుపెట్టండి

మన పిల్లలు వెనకబడేది తెలివిలో కాదు, కాగితాల్లో. నోటిఫికేషన్ వచ్చాక పరిగెడితే సరిపోదు.

రెండో ఏడాదిలో:
• ఇంటిపేరు స్పెల్లింగ్ సరిచూసుకోండి. వంతాల అనే ఇంటిపేరులో పదో తరగతి సర్టిఫికెట్ మీద ఇంగ్లీషులో 'హెచ్' ఉండి, ఆధార్‌లో లేకపోతే పాస్‌పోర్టు దగ్గర ఆగిపోతారు. అన్ని కాగితాలూ పదో తరగతి సర్టిఫికెట్‌తో కలవాలి.
• కుల ధ్రువపత్రం తీసుకోండి. కొన్ని తెగలకు తహసీల్దార్ కాకుండా ఆర్డీవో స్థాయి అధికారి ఇస్తారు. మీ తెగకు ఎవరిస్తారో సచివాలయంలో ముందే అడగండి.
• పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయండి. మామూలు పద్ధతిలో 36 పేజీల పాస్‌పోర్టుకు ఫీజు 1,500 రూపాయలు. పోలీసు విచారణకు వచ్చినప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి.

మూడో ఏడాదిలో:
• ఇంగ్లీషు పరీక్ష, అంటే ఐఈఎల్‌టీఎస్ లాంటిది రాయాలి. దాని స్కోరు రెండేళ్లే చెల్లుతుంది, కాబట్టి మరీ ముందు రాయొద్దు. రోజూ అరగంట ఇంగ్లీషు వార్తలు వినడం మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి.
• మార్కులు 60 శాతానికి పైన ఉండేలా చూసుకోండి.
• మిమ్మల్ని బాగా తెలిసిన ఇద్దరు లెక్చరర్ల దగ్గర సిఫార్సు లేఖలు అడగండి. ఆఖరి వారంలో అడిగితే వాళ్లు రాయలేరు.

చివరి సెమిస్టర్‌లో:
• ఆదాయ ధ్రువపత్రం కొత్తగా తీసుకోండి.
• విశ్వవిద్యాలయం నుంచి ట్రాన్‌స్క్రిప్టులు తెచ్చుకోండి.
• నాలుగైదు విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు పెట్టండి.

ఒక ముఖ్యమైన మాట. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. సిగ్నల్ కోసం గట్టెక్కాల్సిన ఊళ్లు మనకు ఇంకా ఉన్నాయి. ఓటీపీ రాక గడువు దాటిపోతే ఎవరూ ఏమీ చేయలేరు. గడువుకు వారం ముందే మండల కేంద్రానికి వచ్చి పూర్తి చేయండి. మెయిల్ ఐడీ, ఫోన్ నంబరు మీ సొంతవే ఇవ్వండి, నెట్ సెంటర్ వాళ్లవి కాదు.

6. జాగ్రత్తలు

• "స్కాలర్‌షిప్ ఇప్పిస్తాం, ముందు డబ్బు కట్టండి" అనేవాళ్లను నమ్మొద్దు. ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కు మధ్యవర్తి ఉండడు.
• "అక్కడ పార్ట్‌టైమ్ చేసి ఫీజు కట్టేయొచ్చు" అనే మాటా నమ్మొద్దు. బ్రిటన్‌లో డిగ్రీ, పీజీ విద్యార్థులు తరగతులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. మించితే వీసాకే ముప్పు.
• విశ్వవిద్యాలయం పేరు కొత్తగా ఉంటే మీ కాలేజీ లెక్చరర్‌ను అడిగాకే ముందుకెళ్లండి.

7. "వెళ్తే తిరిగొస్తారా?"

తల్లిదండ్రుల అసలు భయం ఇదే. అబద్ధం చెప్పను, కొందరు రారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1922లో అమెరికా వెళ్లారు. తిరిగి రాకుండానే 1948లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. కానీ బోదకాలు రాకుండా ఆశా కార్యకర్తలు పంచే డీఈసీ మాత్ర ఆయన పరిశోధన బృందం నుంచి వచ్చిందే. మనిషి రాకపోయినా మందు వచ్చింది. రామ్‌దయాళ్ ముండా మాత్రం మనిషే తిరిగొచ్చారు.

మీ పిల్లలు ఏ దారి పడతారో మీ ఇంటి మాట మీద కూడా ఆధారపడి ఉంటుంది. వారానికోసారి ఫోన్‌లో ఇంటి భాషలోనే మాట్లాడండి. కాఫీ తోట ఎలా ఉందో చెప్పండి, ఊళ్లో ఎవరికి ఒంట్లో బాగోలేదో చెప్పండి. ఏ ప్రశ్న పట్టుకుని చదవాలో వాళ్లకు అక్కడే దొరకొచ్చు.

ఈ వారం చేయాల్సిన పని

పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, కుల ధ్రువపత్రం పక్కపక్కన పెట్టి పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. తేడా ఉంటే సచివాలయానికి వెళ్లండి. సందేహం ఉంటే పాడేరు ఐటీడీఏలో అడగండి. అడిగినందుకు ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు.

ఈ పీడీఎఫ్‌ను డిగ్రీ చదివే పిల్లలున్న ఇంకో ఇంటికి పంపండి. సిగ్నల్ లేని ఊరైతే, వెళ్లినప్పుడు చదివి వినిపించండి.